బిల్లు రాని నల్లా

వీర్నపల్లి మండలమున ఇంటింటికిని రెండు ఉపకారములు చేరుచున్నవి: తీగలో కరెంటు, గొట్టములో నీరు. పాపము, మొదటిదానికి స్వాతంత్ర్యము లేదు. 1970 నాటి నుండి సిరిసిల్ల ప్రాంతమునకు విద్యుత్తు పంచుచున్న సహకార సంఘము, అనగా మన సెస్, పాతిన స్తంభపు ఖర్చు ఛార్జీలలోనికి ఎక్కవలెనన్నచో విద్యుత్ నియంత్రణ మండలి యెదుట లెక్క విప్పవలెను; ఇంతకన్న తక్కువలో కాదా యని మండలివారు ప్రశ్నింతురు; బహిరంగ విచారణలో లేచి నిలిచిన ఏ రైతైనను ప్రశ్నింపవచ్చును.

గొట్టమునకు ఇట్టి గ్రహచారము లేదు. 2016 ఆగస్టు 7న గజ్వేలు చెంత కోమటిబండలో ప్రధానమంత్రి చేతులమీదుగా ప్రారంభమైన మిషన్ భగీరథ తాగునీటి పథకమునకు, పల్లెలో మనిషికి దినమునకు 100 లీటర్ల లక్ష్యముతో, 40,000 కోట్లకు పైబడిన అంచనా వేసి, హడ్కో, నాబార్డు, బ్యాంకుల యొద్ద ఋణములు తెచ్చిరి. అంచనా వేసినది ప్రభుత్వమే, ఆమోదించినది ప్రభుత్వమే, అప్పునకు పూచీపడినది ప్రభుత్వమే, ఇంటింటికిని నీరందినదని ధ్రువీకరించినదియు ప్రభుత్వమే. ఇంతటి ఏకాభిప్రాయము నడుమ నియంత్రణ మండలికి పీట వేయ చోటెక్కడ? ఉమ్మడి రాష్ట్రమున 2009లో జలవనరుల నియంత్రణ కమిషనుకు చట్టమైతే చేసిరి. ఆ పేరెరిగినవానిని వీర్నపల్లిలో వెదకుటకన్న ఎండిన బోరులో నీరు వెదకుట సులభము.

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేయు కాగ్ వారున్నారు గదా యందురు. ఉన్నారు, ఈ పథకమునకై తాగునీటి కార్పొరేషను తెచ్చిన అప్పులు బడ్జెట్టు వెలుపల నున్నవనియు వ్రాసిరి. కాని గొట్టము పూడ్చి గుత్తేదారునకు సొమ్ము ముట్టిన పిదప లెక్క చూచుట, పెండ్లి అయిన పిమ్మట జాతకములు కలుపుట వంటిది.

నీరు ఉచితము, ఉచితమునకు లెక్క యడుగుట అమర్యాద యని పెద్దల వాదము. కరెంటు బిల్లు చేతబట్టిన తండావాసి ‘ఇంతెందుకు?’ అని నిలదీయును. నీటి అప్పు వడ్డీతోసహా అతడు కట్టిన పన్నులనుండియే తీరుచున్నను, చేత కాగితము లేనందున నోట ప్రశ్న లేదు. కావున నా విన్నపమొక్కటి: నీటికి ధర కట్టవలదు, ఏటేట సున్న రూపాయల బిల్లే పంపుడు, దాని వెనుక మాత్రము గొట్టములకైన ఖర్చు, మిగిలిన అప్పు, ఈ యేటి వడ్డీ అచ్చువేయుడు. అంత కాగితమునకు వ్యయము అధికమగునని ఆర్థికశాఖవారు అభ్యంతరపెట్టుదురేమో. పెట్టనిండు, ఖర్చు అధికమన్న మాట ఈ పథకమున ఒక్కసారియైనను వినబడినట్లగును.