అమీబా గమన శాస్త్రం

అధికారి నిర్ణయం

ఏ శాస్త్రానికైనా ముందు అధికారి ఎవరో తేల్చాలి. బైపీసీ రికార్డులో అమీబా బొమ్మ గీసిన ప్రతివారూ దీనికి అధికారులే. ఎలా గీసినా తప్పు పట్టలేని బొమ్మ సృష్టిలో ఇదొక్కటే. పెన్సిలు జారితే అదీ ఒక మిథ్యాపాదమే. ఆ బొమ్మకు నాకు పదికి పది పడ్డాయి. శాస్త్రం రాయడానికి అంతకుమించిన అర్హత నాకు లేదు, అక్కర్లేదు కూడా.

నామ మీమాంస

1755లో రోజెల్ ఫాన్ రోజెన్‌హోఫ్ అనే జర్మన్ చిత్రకారుడు ఈ జీవిని చూసి, క్షణానికో రూపమెత్తే గ్రీకు సముద్ర దేవత పేరిట ‘చిన్న ప్రోటియస్’ అన్నాడు. తర్వాతివారు గ్రీకులో ‘మార్పు’ అనే అర్థమున్న ‘అమీబా’ను దాని ముందు తగిలించారు. అంటే అమీబా ప్రోటియస్ అన్న పేరులోనే పునరుక్తి దోషం ఉంది. అర మిల్లీమీటరు ఒంటికి రెండు మారుపేర్లు!

గమన లక్షణం

కాళ్లున్నవి అడుగు వేస్తాయి. అమీబా తానే అడుగైపోతుంది. వెళ్లాలనుకున్న వైపు ఒళ్లు ఉబ్బుతుంది; ఆ ఉబ్బే మిథ్యాపాదం. ఆ ఉబ్బులోకి తక్కిన ఒళ్లంతా పారుతుంది. లోపలి జీవపదార్థం మజ్జిగలా పలచన, అంచున ఉన్నది గడ్డపెరుగు. మజ్జిగ ముందుకు పారి, కొసన పక్కలకు విచ్చుకుని, అక్కడే తోడుకుంటుంది. వెనకవైపు పెరుగు మళ్లీ మజ్జిగై ముందుకు బయల్దేరుతుంది. మన ఇళ్లలో తోడుకోవడానికి ఒక రాత్రి పడుతుంది, చిలకడానికి ఒక మనిషి కావాలి. అమీబా రెండు పనులూ నడుస్తూ నడుస్తూనే కానిస్తుంది.

ఒక్కోసారి నాలుగు వైపులా నాలుగు పాదాలు లేస్తాయి. చివరికి ఒకటి గెలుస్తుంది. ఓడినవి అలిగి కూర్చోవు. ఒంట్లో కలిసిపోయి గెలిచినదాని వెంట నడుస్తాయి. కుటుంబంతో సినిమాకు బయల్దేరే జీవులకు ఇది సాధ్యం కాదు.

పూర్వపక్షం

ఇంతకీ ఈ మజ్జిగను కదిపేదెవరు? 1926లో మాస్ట్ పండితుడు తోపుడు మతాన్ని ప్రతిపాదించాడు. పేస్టు ట్యూబును అడుగున నొక్కినట్టు, వెనకభాగం బిగుసుకుని ద్రవాన్ని ముందుకు నెడుతుందన్నాడు. 1960లో అలెన్ బృందం ఒక పెద్ద జాతి అమీబా జీవపదార్థాన్ని సన్నటి గాజుగొట్టంలోకి ఎక్కించి, పైపొరను ఛేదించింది. ట్యూబే లేనప్పుడు నొక్కేదెక్కడ? అయినా ప్రవాహం ఆగలేదు. దాంతో లాగుడు మతం బలపడింది: ముందు కొసే ముడుచుకుంటూ వెనకున్నదాన్ని గుంజుతుందని.

సిద్ధాంతం

రెండు మతాల మధ్యా రాజీ కుదర్చడానికి రెండు ప్రోటీన్లు వచ్చాయి. ముందువైపు యాక్టిన్ పోగులు అల్లుకుంటూ పోతాయి. వెనక మయోసిన్ ఆ పోగులను పట్టి బిగిస్తుంది. ఎవరి వాటా ఎంతన్నది కణాన్నిబట్టి మారుతుంది. మన కండల్లో పనిచేసేదీ ఈ జంటే. కాబట్టి బడికి నత్తనడక నడిచే పిల్లాడి మీద చెయ్యెత్తే తండ్రి, ఆ చెయ్యి లేచింది అమీబా సరుకుతోనేనని గ్రహించాలి.

ఆక్షేపం

సెకనుకు కొన్ని మైక్రాన్లు, గంటకు సుమారు ఒక సెంటీమీటరు. ఇదీ ఒక నడకేనా? సమాధానం ఫలశ్రుతిలో.

ఫలశ్రుతి

ఈ ప్రకరణం రాస్తుండగా వంటింట్లోంచి, “ఏమండీ, పెరుగు తోడుకోలేదు, ఒక ప్యాకెట్ తెచ్చిపెట్టండి” అని మూడుసార్లు వినిపించింది. శాస్త్రకర్త కుర్చీలోంచి లేవలేదు. అయితే పొద్దున గడ్డం గీసుకుంటుండగా తెగిన చోటికి ఆయన తెల్లరక్తకణాలు, కబురందిందే తడవుగా, అచ్చం అమీబాల్లా మిథ్యాపాదాలు చాచుకుంటూ ప్రయాణమయ్యాయి. గంట తర్వాత లెక్క చూస్తే ఆయనకన్నా అవే ఎక్కువ దూరం నడిచాయి.

పెరుగు పక్కింటి నుంచి అప్పు వచ్చింది.