మాదన్నపేట మేడ మీది స్టూడియోకు తలకిందుల సలహాలు

గోడలకు గుడ్ల ట్రేలు అంటించకండి. కిటికీ తెరవండి.

ట్రే అంటే తేలికపాటి అట్ట. బయటి శబ్దం ఆగాలంటే గోడ బరువుగా ఉండాలి, గాలి దూరే సందు ఉండకూడదు. అట్టతో ఈ రెండూ కుదరవు. కూరగాయల మండీకి వచ్చే బండ్ల మోత, గల్లీలో హారన్లు ట్రేలను దాటుకుని లోపలికి వస్తాయి. 3 మీటర్ల దూరంలో ఉన్న రెండు గోడల మధ్య 57 హెర్ట్జ్ దగ్గర బేస్ ఉబ్బుతుంది, దానిమీదా వాటి ప్రభావం సున్నా. పాడేవాళ్ల వెనక రెండు మందపాటి రజాయిలు వేలాడదీస్తే గొంతుకు అంటుకునే ఎకో తగ్గుతుంది. గది మీద పెట్టాల్సిన ఖర్చు అంతే.

కిటికీ తెరిస్తే ఫ్యాను ఆపేయొచ్చు. మైకులో గాలి కొట్టడం కంటే గల్లీ వినిపించడం వెయ్యి రెట్లు నయం. పాట మొదలుపెట్టే ముందు అందరినీ మాట్లాడకుండా ఉండమని, ఒక నిమిషం గల్లీనే రికార్డు చేయండి. గొంతు ట్రాకులో ముక్కలు కోసిన చోట గది శబ్దం కూడా ఠక్కున తెగిపోతుంది, చెవి అదే పట్టేస్తుంది. ఆ ఖాళీల్లో ఈ నిమిషాన్ని సన్నగా పరిస్తే కోత తెలియదు. అజాన్ వినిపించినప్పుడు మాత్రం మైకు ఆపండి. దాన్ని బీటులో కలపకండి. ఈద్గా ఉన్న పేటలో ఉంటూ ఆ మర్యాద తప్పకూడదు.

డప్పు విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. బోనాల సీజన్ వచ్చిందంటే యూట్యూబ్ నుంచి తీసిన అవే తీన్మార్ లూపులు చేతులు మారుతుంటాయి. ఒకసారి ఎంపీ3 చేసినదాన్ని మళ్లీ మళ్లీ ఎంపీ3 చేస్తారు. తక్కువ బిట్‌రేటులో 16 కిలోహెర్ట్జ్ పైన ఉన్నది దాదాపు పోతుంది, డప్పు మీద పడే చిటికెన పుల్ల చురుకంతా అక్కడిదాకా పాకి ఉంటుంది. పోయినదాన్ని ఈక్వలైజర్‌తో పైకి లేపబోతే లేచేది బుస ఒక్కటే. కాబట్టి లూపులు శుభ్రం చేసుకుంటూ కూర్చోకండి, డిలీట్ చేయండి. డప్పు కొట్టే మనిషిని పిలిచి, చేతిలో డబ్బు పెట్టి, మేడ మీద ఆరుబయట కొట్టించండి. గదిలో వద్దు.

మైకును దూరం పెట్టండి, గెయిన్ తగ్గించండి. డప్పు ఎంత గట్టిగా మోగినా మీటరు -12 డెసిబెళ్లు దాటకుండా చూడండి. తెరమీద గీత సన్నగా కనబడి భయమేస్తుంది గానీ నష్టమేమీ లేదు. 24 బిట్ రికార్డింగులో లెక్క ప్రకారం 144 డెసిబెళ్ల చోటుంది, తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు. 0 దాటి తల తెగిన అలను తిరిగి అతికించడం మాత్రం అయ్యే పని కాదు.

ఇక ఆషాఢం. వాన తేమకు తోలు సడలుతుంది, డప్పు నాదం దిగిపోతుంది. మంట దగ్గర కాస్తే బిగుస్తుంది, చల్లారితే మళ్లీ జారుతుంది. అందుకే అరగంట తేడాతో తీసిన రెండు లూపులు ఒకదానికొకటి అతకవు. పిచ్ సరిచేసే ప్లగిన్ తెరవకండి, అది దెబ్బ పదునును మెత్తబరుస్తుంది. ప్రతి టేకుకు ముందు డప్పును మళ్లీ కాయమనండి. కాగితాలో, గడ్డో మీరే తెచ్చిపెట్టండి. నా దృష్టిలో అంతకు మించిన ప్లగిన్ లేదు.

గుయ్‌మనే కరెంటు హమ్‌కు మొదటి మందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేయడం. ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని ఎవరైనా చెబితే వినకండి, అది ప్రాణం మీదికి తెచ్చే సలహా. ఇంత చేశాక కూడా కాస్త మిగిలితే, హమ్‌ను తీసేయకండి, పాటనే దాని శ్రుతికి తెండి. మన గ్రిడ్ 50 హెర్ట్జ్‌ది. 49.90 నుంచి 50.05 మధ్య ఉంచాలని గ్రిడ్ నిబంధన. కీబోర్డు మీద 49 హెర్ట్జ్‌కు ఉన్న జి స్వరానికి ఆ 50 హెర్ట్జ్ 35 సెంట్లు పైన. పాటను జిలో, అంటే ఆడగొంతులకు అలవాటైన అయిదు శ్రుతిలో పెట్టి, సింథ్‌లన్నిటినీ 35 సెంట్లు పైకి జరపండి. 100 హెర్ట్జ్ దాని పై షడ్జం, 150 ఆ పై పంచమం అవుతాయి. బేస్ మోగినంతసేపూ హమ్ దాని కిందే దాక్కుంటుంది, బేస్ ఆగినచోట తంబురాలా నిలబడుతుంది. డప్పుకు ఈ లెక్కతో పని లేదు, పాడేవాళ్లు ట్రాకు వింటూ పాడతారు కాబట్టి వాళ్లకూ ఇబ్బంది ఉండదు.

చిటపటలు వస్తే కొత్త కంప్యూటర్ కొనకండి, బఫర్ మార్చండి. పాడేటప్పుడు 128 శాంపిళ్లు, అంటే ఒక్కో బఫరుకు 3 మిల్లీసెకన్ల లోపు ఆలస్యం. మిక్సింగ్‌కు 1024. పాట వేగంగా, సెమిటోనున్నర పైకి వినిపిస్తే 44,100 శాంపుల్ రేటులో తీసిన ఫైలును 48,000లో నడుపుతున్నారన్నమాట.

మిక్సును హెడ్‌ఫోన్లలో తేల్చకండి. ఊరేగింపు బండి మీద రెండు వైపులా స్పీకర్లున్నా తరచుగా వాటికి వెళ్లేది ఒకే మోనో సిగ్నల్. స్టీరియో వెడల్పు చేసే ప్లగిన్‌తో సాగదీసిన బీటు అక్కడ సగం మాయమవుతుంది, ఎడమకు కుడి పూర్తిగా ఎదురు తిరిగి ఉంటే అసలే వినబడదు. మోనోలో పెట్టి, ఫోన్ స్పీకర్లో వేసి, పక్కగదిలో నిలబడి వినండి. బేస్ అక్కడ రాదు, రాకూడదు కూడా. డప్పు రెండో పుల్లయిన చిర్ర దెబ్బ, చిటికెన పుల్ల దెబ్బ విడివిడిగా తెలుస్తున్నాయా అన్నదే చూడండి. తెలియకపోతే మిక్సు ముట్టుకోకండి, మళ్లీ మేడెక్కి ఇంకో టేకు తీయండి.

రీమిక్సుల్లో మధ్యమధ్య డీజే పేరు అరిపించడం మన దగ్గర ఆనవాయితీ. ఆ చోట మీ పేరు తీసేసి, డప్పు కొట్టినాయన ఒప్పుకుంటే ఆయన పేరు చెప్పించండి. వచ్చే బోనాలకు ఆయన్ను పిలవాల్సినవాళ్లకు అది వినబడాలి.