నమ్మినవాడికి నమ్మినంత

సైకిల్ పందేల మీద అనుమానం పెట్టుకోవడం మహాపాపమని నా అభిప్రాయం. ఏటా జులైలో టూర్ డి ఫ్రాన్స్ మొదలైందంటే చాలు, కొందరు స్టాప్‌వాచీలూ కాలిక్యులేటర్లూ ముందేసుకుని కూర్చుంటారు. ఫలానా కొండ ఇన్ని నిమిషాల్లో ఎక్కాడంటే ఒంటి బరువు కిలోకి ఇన్ని వాట్లు తొక్కి ఉండాలి, మనిషి పుట్టుక పుట్టినవాడి వల్ల అవుతుందా అని లెక్కలు కడతారు. నేను ఆ బాపతు కాదు. రైడర్ చెప్పింది నమ్ముతాను. జట్టు డాక్టర్ చెప్పింది ఇంకా నమ్ముతాను. లాయర్ చెప్పిందైతే వేదవాక్కు.

నమ్మడం తేలికనుకునేరు, చాలా సాధన కావాలి. 2002లో ఇటలీ వీరుడు జిల్బెర్టో సిమోనీ మూత్రంలో కొకైన్ ఆనవాళ్లు తేలాయి. పళ్ల డాక్టర్ ఇచ్చిన మత్తు సూది వల్లేమో అన్నారు. తర్వాత, పెరూ నుంచి వచ్చిన పిన్నో అత్తో పట్టుకొచ్చిన మిఠాయి బిళ్లల వల్ల అన్నారు. నమ్మాను. విచారించినవాళ్లూ నమ్మి నిర్దోషి అని వదిలేశారు. నాకు తోడు దొరికిన సందర్భాలు తక్కువ కాబట్టి ఇది ప్రత్యేకంగా గుర్తుంది.

అదే ఏడాది బెల్జియంలో ఫ్రాంక్ వాండెన్‌బ్రూక్ ఇంట్లో పోలీసులకు ఈపీవో, క్లెన్‌బ్యుటెరాల్, మార్ఫిన్ దొరికాయి. అవన్నీ మా కుక్క కోసం అన్నాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నవాడు మన ఊళ్లోనే ఉన్నాడనుకునేవాణ్ణి. ఆ కుక్క ఏ పందేనికి తయారవుతోందని అడగడం మర్యాద కాదు. ఆ ఏడాది జులైలోనే లిథువేనియా రైడర్ రుమ్షాస్ పారిస్‌లో మూడో స్థానం బహుమతి అందుకుంటున్న రోజున, ఆల్ప్స్ కొండల దగ్గర ఆయన భార్య కారును కస్టమ్స్‌వాళ్లు ఆపారు. డిక్కీలో ఈపీవో, గ్రోత్ హార్మోన్, టెస్టోస్టిరాన్. ఇంట్లో పెద్దావిడకు ఒంట్లో బాగాలేదు, ఆవిడ మందులని జవాబు. ఆ పెద్దావిడ గనక కోర్సు పూర్తిచేసి సైకిలెక్కి ఉంటే కొడుకులకూ అల్లుళ్లకూ మూడో స్థానం కూడా మిగిలేది కాదు.

టైలర్ హామిల్టన్‌ది వీటన్నిటికన్నా పై మెట్టు. 2004లో ఆయన ఒంట్లో వేరే మనిషి రక్తం ఉందని తేలింది. అమ్మ కడుపులోనే నాలో కలిసిపోయిన కవల సోదరుడి రక్తకణాలు కావొచ్చు కదా అని ఆయన తరఫున వాదించారు. జరాసంధుడి కథ విని పెరిగినవాళ్లం, ఇదో లెక్కా? చక్కగా నమ్మి, పుట్టని ఆ తమ్ముడి కోసం కాస్త బాధపడ్డాను కూడా. 2011లో హామిల్టన్ టీవీ కెమెరా ముందు కూర్చుని, అవును వాడాను అని ఒప్పుకుని, ఏథెన్స్ ఒలింపిక్స్ బంగారు పతకం వెనక్కిచ్చేశాడు. ఆ తమ్ముడి మాట ఇక ఎవరూ ఎత్తలేదు.

నా ఇబ్బందంతా ఇక్కడే. భక్తుడు నమ్మకం నిలబెట్టుకుంటూనే ఉంటాడు, దేవుడే వచ్చి తప్పు ఒప్పుకుంటాడు. ఫ్లాయిడ్ లాండిస్ 2006 టూర్‌లో ఒక రోజు కుప్పకూలి ఎనిమిది నిమిషాలు వెనకబడ్డాడు. మర్నాడే ఆల్ప్స్‌లో ఒంటరిగా దూసుకుపోయి స్టేజి గెలిచాడు. పరీక్షలో టెస్టోస్టిరాన్ తేడాగా ఉంటే, ముందు రాత్రి తాగిన విస్కీ వల్ల కావొచ్చన్నాడు. విస్కీకి ఇంత మహిమ ఉంటే మా వీధి చివరి షాపు ముందు నిలబడేవాళ్లలో సగం మంది పారిస్ చేరి ఉండాలి కదా అనే దుష్ట ఆలోచన వచ్చింది. లెంపలేసుకున్నాను. 2010లో ఆయనా ఒప్పేసుకున్నాడు.

పాతకాలంవాళ్లకు ఈ శ్రమ లేదు. 1924లో పెలిసియె అన్నదమ్ములు పందెం మధ్యలో మానేసి ఓ కాఫీ హోటల్లో కూర్చుని, ఆల్బేర్ లోండ్ర్ అనే విలేకరి ముందు సంచీ విప్పి చూపించారు. ఇది కళ్లకు కొకైన్, ఇది చిగుళ్లకు క్లోరోఫామ్, ఇవి మాత్రలు. మందులు అవసరమైనప్పుడే వాడతానని ఫౌస్టో కోపీ అన్నాడట. అవసరం ఎన్నిసార్లు పడుతుందంటే, దాదాపు ఎప్పుడూ అని జవాబు. ఐదుసార్లు టూర్ గెలిచిన జాక్ ఆంకెతీల్ అయితే, ఏడాది పొడుగునా ఉత్త మినరల్ వాటర్ తాగి సైకిల్ తొక్కుతామని అనుకునేవాడు వెర్రివాడని మొహం మీదే చెప్పాడు. 1966లో టూర్‌లో మొదటిసారి మూత్ర పరీక్షలు పెడితే రైడర్లు మర్నాడు సైకిళ్లు దిగి నడిచి నిరసన తెలిపారు. ఆ మరుసటి ఏడాది, 1967 జులై 13న, మోం వాంతూ కొండ మీద టామ్ సింప్సన్ పడిపోయి చచ్చిపోయాడు. జెర్సీ జేబుల్లో యాంఫెటమిన్ గొట్టాలు దొరికాయి. దీని మీద నా దగ్గర జోకు లేదు.

పరీక్షలు వచ్చాకే కథలల్లడం కళగా ఎదిగింది. 1978లో బెల్జియం రైడర్ మిషెల్ పొలెంటియె ఆల్ప్ దుయెజ్ కొండ గెలిచి, అగ్రస్థానంలో ఉన్నవాడి పసుపు జెర్సీ వేసుకుని పరీక్ష గదికి వెళ్లాడు. చంకలో రబ్బరు బుడ్డి, అందులో ఇంకెవరిదో మూత్రం, అక్కణ్నుంచి చొక్కా లోపల కిందికి సన్నటి గొట్టం. నొక్కితే ధార రావాలి. ఆయనకన్నా ముందు వచ్చిన రైడర్ అలాంటి సరంజామాతోనే తంటాలు పడటం చూసి డాక్టరుకు అనుమానం వచ్చింది, ఇతని చొక్కా కూడా పైకెత్తమన్నాడు. పసుపు జెర్సీ ఆ సాయంత్రమే పోయింది. ఇప్పుడు రైడర్లు చొక్కా పైకి, లాగు కిందికి జరిపి, అధికారి కళ్లప్పగించి చూస్తుండగా సీసా నింపాలి. సైకిల్ ప్రపంచంలో పారదర్శకత అంటే ఇంతవరకూ నాకు తెలిసింది అదొక్కటే.

తర్వాత ఈపీవో యుగం. ఎర్ర రక్తకణాలను పెంచే మందు. కణాలు పెరిగితే ప్రాణవాయువు ఎక్కువ అందుతుంది, కాలు ఆగదు. రక్తం మాత్రం చిక్కబడి గుండె మీదికి వస్తుంది. దాన్ని పట్టే పరీక్ష అప్పటికి లేదు కాబట్టి అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ 1997లో ఒక గీత గీసింది. రక్తంలో ఎర్రకణాల వాటా 50 శాతం దాటితే విశ్రాంతి తీసుకోవాలి. దాటకపోతే? దాటకపోతే ఏముంది, శుభం. అంతవరకూ ఎంత వాడాలో తెలియక సతమతమైన డాక్టర్లకు ప్రభుత్వోత్తర్వు లాగా ఒక లక్ష్యం దొరికింది. ఈ గీత పడకముందే, 1996లో టూర్ గెలిచిన బ్యార్న్ రీస్‌ని తోటివాళ్లు అరవై శాతం దొరగారు అని పిలిచేవారు. 2007లో తనూ ఒప్పుకున్నాడు.

1998 జులైలో బెల్జియం సరిహద్దు దాటుతున్న ఫెస్టినా జట్టు కారు నిండా వందల డోసులు పట్టుబడ్డాయి. జట్టు డైరెక్టరే ఒప్పుకున్నాడు. దాని నాయకుడు రిషార్ విరాంక్ మాత్రం ఏడ్చాడు, నాకేం తెలియదన్నాడు. రెండేళ్లు అదే మాట మీద నిలబడి, 2000లో లీల్ కోర్టులో జడ్జి సూటిగా అడిగేసరికి ఒప్పుకున్నాడు. నిషేధం అనుభవించి తిరిగొస్తే ఫ్రాన్స్ ప్రజలు మళ్లీ నెత్తిన పెట్టుకున్నారు. వాళ్లు నాకన్నా పెద్ద భక్తులు.

ఆ ఫెస్టినా జట్టులోనే సూది దగ్గరికి పోని కుర్రాడొకడున్నాడు, క్రిస్తోఫ్ బాసోన్స్. 1999లో వేరే జట్టులో చేరి టూర్ తొక్కుతూనే ఒక దినపత్రికకు కాలమ్ రాసేవాడు. ఈ ఏడు వేగం చూస్తే నాకేం నమ్మకంగా లేదని రాశాడు. గుంపులో అందరూ అతనితో మాట్లాడటం మానేశారు. ఆల్ప్ దుయెజ్ వైపు వెళ్తున్న స్టేజిలో పసుపు జెర్సీ వేసుకున్న లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకొచ్చి, నీ మాటలు ఆటకు మంచివి కావు, ఇంటికి పో అని చెప్పాడు. రెండు రోజులకు బాసోన్స్ నిజంగానే పోయాడు. ఆర్మ్‌స్ట్రాంగ్ టూర్ గెలిచాడు. అదే టూర్‌లో ఆయన మూత్రంలో కార్టికోస్టెరాయిడ్ కనబడితే, సీటు ఒరిపిడి పుండుకు రాసుకున్న లేపనం అని పాత తేదీ వేసిన చీటీ ఒకటి చూపించారు. యూసీఐ సరేనంది. నేనూ సరేనన్నాను.

2004లో ఇంకా ముచ్చట. ఫిలిప్పో సిమియోనీ అనే ఇటలీ రైడర్, ఆర్మ్‌స్ట్రాంగ్ సలహాదారు డాక్టర్ ఫెరారీకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవాడు, ఒక స్టేజిలో ముందు వెళ్తున్న చిన్న గుంపును అందుకోబోయాడు. అతనివల్ల టూర్‌కు ఏ ముప్పూ లేదు, రెండు గంటలకు పైగా వెనకున్నాడు. అయినా పసుపు జెర్సీ స్వయంగా వెంటాడింది. సిమియోనీ వెనక్కి వెళ్తే తప్ప తమకు గెలిచే అవకాశం లేదని ముందున్నవాళ్లకు అర్థమైంది. వాళ్లే బతిమాలి పంపేశారు. గుంపులోకి తిరిగొస్తూ ఆర్మ్‌స్ట్రాంగ్ కెమెరా వైపు చూసి పెదాలకు జిప్పు వేసినట్టు సైగ చేశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమని మనవాళ్లు అంటారు. ఇక్కడ భుజాలు తడుముకున్నవాడికే పూలదండ పడింది.

ఆర్మ్‌స్ట్రాంగ్ జట్టుకు డబ్బు పెట్టింది అమెరికా తపాలా శాఖ. 1999లో ఈపీవో మాత్రం తపాలాలో రాలేదు, మోటార్ సైకిల్ మీద ఒక మనిషి టూర్ వెంట తిరిగి అందించేవాడని హామిల్టన్ తర్వాత చెప్పాడు. ప్రైవేటు కొరియర్ మీద నమ్మకం ఎక్కడైనా ఒకటే. 2005లో ఏడో టూర్ గెలిచి పారిస్ వేదిక మీద నిలబడి, అద్భుతాలను నమ్మలేని సందేహజీవుల మీద జాలిపడ్డాడు ఆర్మ్‌స్ట్రాంగ్. నా కళ్లు చెమర్చాయి. 2012లో ఏడూ రద్దయ్యాయి. ఆ ఏడేళ్ల విజేతల గళ్లు ఖాళీగానే ఉంచారు. రెండో స్థానంవాడికి ఇద్దామంటే ఎవరికివ్వాలి? 1999 నుంచి 2005 దాకా వేదికెక్కిన 21 స్థానాల్లో 20 స్థానాలవాళ్లకు డోపింగ్ మరక అంటుకుందని అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ తేల్చింది. అనుమానించిన పాపానికి లండన్ సండే టైమ్స్ ఆయనకు సొమ్ము కట్టుకుంది, తర్వాత తిరిగి రాబట్టుకుంది. బాసోన్స్‌కు తిరిగి ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

ఇప్పటివాళ్ల సంగతికొస్తే, తదేయ్ పొగాచార్ ఏ పరీక్షలోనూ దొరకలేదు. 2024లో ప్లాటో ద బేయ్ కొండను, 1998లో మార్కో పంతానీ ఎక్కిన సమయం కన్నా మూడు నిమిషాలకు పైగా తక్కువలో ఎక్కాడు. పంతానీ ఏ యుగంవాడో చెప్పక్కర్లేదు. దీనికి బోలెడు కారణాలున్నాయి. సైకిళ్లు మెరుగయ్యాయి, టైర్లు మారాయి, గంటకు 120 గ్రాముల దాకా పిండిపదార్థం తాగుతున్నారు. మనం తాగితే షుగర్ డాక్టర్ తనే ఫోన్ చేస్తాడు. ఇవన్నీ నిజమైన కారణాలే, ఈసారి వ్యంగ్యం లేదు. పెద్ద జట్లు శిక్షణ శిబిరాల్లో రైడర్లకు కార్బన్ మోనాక్సైడ్ పీల్పిస్తున్నాయని కూడా ఆ జులైలోనే బయటికొచ్చింది. రక్తంలో హిమోగ్లోబిన్ కొలవడానికేనన్నారు. కొలత కోసం ఒకటీ అరా అయితే సరే, పదే పదే పీల్చడం కుదరదని 2025 ఫిబ్రవరి నుంచి యూసీఐ నిషేధించింది.

పొగాచార్ నిజంగా శుద్ధుడే అనుకుందాం. అయినా ఆ మాట చెప్పుకోవడానికి ఆ కుర్రాడికి ఒక్క వాక్యం మిగల్లేదు. ఇన్ని పరీక్షలు చేయించుకున్నాను, ఒక్కదాంట్లోనూ దొరకలేదు అన్న వాక్యాన్ని ఆర్మ్‌స్ట్రాంగ్ పదేళ్లకు పైగా వాడి అరగదీసి పోయాడు. ఇప్పుడు కాలిక్యులేటర్లు పట్టుకున్నవాళ్లను ఆ కుర్రాడు తిట్టుకుంటే నేనర్థం చేసుకోగలను. తిట్టాల్సిన చిరునామా మాత్రం వేరే.

రైడర్ల నమూనాలను పదేళ్ల దాకా దాచి, కొత్త పరీక్ష వస్తే మళ్లీ చూడొచ్చని నిబంధన ఉంది. భక్తుడిగా నాకిది బాగా నచ్చింది. 2024 టూర్‌కు నేను కొట్టాల్సిన చప్పట్లు 2034 జులై దాకా బాకీ. ఆ సీసాలు అప్పటికీ నిక్కచ్చిగా నిలబడితే లేచి నిలబడి కొడతాను. వడ్డీ మాత్రం అడగొద్దు.