గుడారానికి ఐదు నెలల ముహూర్తం

మా రోజుల్లో డాలస్ తెలుగువాళ్ళం కాడో సరస్సుకు వెళ్ళాలంటే శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక అనుకునేవాళ్ళం. ఐ-20 మీద మార్షల్ దాకా పోయి, 43వ నంబరు రోడ్డు మీద కార్నాక్ వైపు తిరిగితే మూడు గంటల్లో స్టేట్ పార్కు గేటు. మడతల దగ్గర చిరిగిన మ్యాపు, అది చూసి దారి చెప్పే ఇల్లాలు, డిక్కీలో పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసా. అంతే సరంజామా.

ఇప్పుడు బయలుదేరడమే ఒక ప్రాజెక్టు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో రాత్రి బసకు ఐదు నెలల ముందు నుంచే బుకింగు తెరుస్తారు. పెళ్ళిక్కూడా అంత ముందుగా ముహూర్తం పెట్టుకోం! జనం పెరిగారు, పద్ధతి కావాలి, కాదనను. నా గొణుగుడు పద్ధతి మీద కాదు, మనవాళ్ళ మీద. ఎందుకైనా మంచిదని మూడు వారాంతాలు పట్టి ఉంచుతారు, వెళ్ళేది ఒక్కదానికి. మిగతావి రద్దు చేయడానికి బద్ధకం. అక్కడ చూస్తే ‘రిజర్వ్డ్’ చీటీ ఉంటుంది, మనిషి ఉండడు. చోటు దొరక్క ఇంకెవరో ఇంట్లో కూర్చుంటారు.

వచ్చినవాళ్ళయినా అడవిని చూస్తారా అంటే, ముందు ప్లగ్గు ఎక్కడుందో చూస్తారు. స్పీకరు, ప్రొజెక్టరు, అల్యూమినియం ట్రేలలో బిర్యానీ. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలని పార్కు నియమం. పదకొండింటికి ఐటెం సాంగు మోగుతుంటే వెళ్ళి అడిగాను. “సారీ అంకుల్, పక్కవాళ్ళకి వినిపిస్తుందనుకోలేదు” అన్నాడు ఒకబ్బాయి. బాబూ, గుడారానికి గోడలుండవు!

నడక సంగతీ అంతే. వీళ్ళకు కావలసింది చేతి గడియారంలో అడుగుల లెక్క. ఆ తోవ పక్కన నీళ్ళలో నిలబడ్డ బాల్డ్ సైప్రస్ చెట్లను చూడాలి. వేళ్ళ నుంచి మోకాళ్ళలా పైకి లేచిన బుడిపెలు చూడాలి. కొమ్మలకు బూడిదరంగు గడ్డాల్లా వేలాడే స్పానిష్ మాస్ చెట్టు రసం పీల్చదు, గాలిలోని తేమతోనే బతుకుతుంది. అనాస కుటుంబపు మొక్క అది. మా పిల్లలు ఇవన్నీ రేంజర్లను అడిగి తెలుసుకున్నారు. ఇప్పటి పిల్లలు ఫొటో దిగి, సిగ్నలు కోసం ఫోను పైకెత్తి తిరుగుతున్నారు.

ఆ పార్కు కట్టినవాళ్ళ కథ వింటే వీళ్ళకు తెలిసొస్తుంది. 1930ల మహామాంద్యంలో పని దొరకని కుర్రాళ్ళను రూజ్‌వెల్ట్ ప్రభుత్వం సివిలియన్ కన్జర్వేషన్ కోర్‌లో చేర్చుకుంది. నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 ఇంటికి పంపాల్సిందే. ఆ చేతులే అక్కడి క్యాబిన్లకు రూపమిచ్చాయి. ఇవాళ అదే క్యాబిన్‌లో దిగి ఏసీ చాలడం లేదని సణుగుతున్నారు.

ఇక చేపలు. పార్కు లోపల ఒడ్డు మీద నుంచి గాలం వేస్తే లైసెన్సు కూడా అక్కర్లేదు. అయినా గాలం పట్టే ఓపిక ఎవరికుంది? వానపాము గుచ్చి, బెండు మునిగేదాకా కళ్ళార్పకుండా కూర్చోవాలి. క్రాపీ పడితే పొలుసు తీసి, క్యాట్‌ఫిష్ అయితే తోలు ఒలిచి, ఉప్పూ కారం పసుపు పట్టించి పెనం మీద వేయించేవాళ్ళం. ఇప్పుడు పది నిమిషాలు చూసి, “ఇందులో చేపల్లేవు అంకుల్” అని తేల్చేస్తున్నారు. డెబ్భైకి పైగా చేపజాతులున్న సరస్సు అది!

అన్నీ మా రోజుల్లోనే బాగున్నాయనను. పడవ ఎక్కడి నుంచి తెచ్చావని అప్పట్లో పట్టించుకునేవాళ్ళం కాదు. 2006లో బ్రెజిల్ జాతి జెయింట్ సాల్వీనియా అనే నీటిమొక్క కాడోలో కనబడింది. పరిస్థితులు కలిసొస్తే వారం రోజుల్లో రెట్టింపై, నీటిని చాపలా కప్పేస్తుంది. కింద వెలుతురూ ప్రాణవాయువూ తగ్గి చేపలకు ముప్పు. ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు ఎక్కువగా పడవలనూ ట్రైలర్లనూ పట్టుకునే వస్తుంది. దాన్ని తినే ముక్కుపురుగులను పెంచి వదులుతున్నారు గానీ, బెడద పూర్తిగా పోలేదు.

కాబట్టి కుర్రాళ్ళూ, ముసలాడి మాటలు మూడే. వెళ్ళడం లేదని తేలితే బుకింగు ఆ రోజే రద్దు చేయండి. పదయ్యాక పాట ఆపండి. పడవ నీళ్ళలోంచి తీయగానే అంటుకున్న మొక్కలు దులిపి, అడుగున నీళ్ళు పారబోసి, ఎండబెట్టి మరీ ఇంకో సరస్సులోకి దించండి. బిర్యానీ సంగతి మీ ఇష్టం.