ఆ బాబాయ్ ఏమయ్యాడు?

పుణె శనివార్‌వాడాలో దెయ్యం ఉందని చాలా ఏళ్లు చెప్పుకు తిరిగాను. ఉద్యోగం కోసం ఆ ఊరు చేరిన కొత్తలో ఎవరో చెబితే విన్నాను. ఆ తర్వాత మన వైపు నుంచి చుట్టాలు ఎవరొచ్చినా నేనే చెప్పేవాణ్ణి. ఏనుగులు కుమ్మకుండా ఇనుప ములుకులు దిగ్గొట్టిన దిల్లీ దర్వాజా ముందు వాళ్లను నిలబెట్టి, పున్నమి రాత్రి లోపలి నుంచి 'కాకా, మలా వాచవా' అని ఒక కుర్రాడి కేక వినిపిస్తుందని, 'బాబాయ్, నన్ను కాపాడు' అని దాని అర్థమని చెప్పేవాణ్ణి. పిల్లలు భయపడి పెద్దవాళ్ల దగ్గరికి జరిగేవాళ్లు. వాళ్ల భయం చూస్తే నాకు సంతోషంగా ఉండేది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఎందుకో చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నాకు తెలిసిన కథ చాలా చిన్నది. నారాయణరావు అనే పీష్వాను బాబాయ్ రఘునాథరావు చంపించాడు. బాబాయ్ రాసిన ఉత్తరువులో పిన్ని ఆనందీబాయి ఒక్క అక్షరం మార్చేసరికి 'పట్టుకోండి' అన్నది 'చంపండి' అయింది. ఆ శాపం తగిలి మేడంతా కాలిపోయింది. కుర్రాడి ఆత్మ మాత్రం అక్కడే తిరుగుతోంది. సాయంత్రం కాగానే గేట్లు మూసేస్తారు చూడండి, అందుకే అని కూడా చేర్చేవాణ్ణి. ఆ మాట ఎవరూ నాకు చెప్పలేదు, నేనే కల్పించాను. చాలా రక్షిత కట్టడాలను చీకటి పడేలోపే మూసేస్తారన్న సంగతి నాకు తెలియక కాదు.

ఒకసారి తెనాలి నుంచి మా పిన్ని వచ్చింది. ఆమెకూ అదే కథ చెప్పాను. అంతా విని, "అయితే ఆ బాబాయ్ ఏమయ్యాడురా? ఉరి తీశారా?" అంది.

"తెలీదు పిన్నీ" అన్నాను.

"ఇన్నేళ్ల నుంచీ చెబుతున్నావు, అది కనుక్కోలేదా?"

ఎగతాళిగా అనలేదామె. ఊళ్లో హత్య జరిగిందంటే ఎవరైనా ముందుగా అడిగే మాటే అడిగింది. అన్నేళ్లలో ఆ మాట నాకెందుకు తట్టలేదో ఆ క్షణాన నాకే అర్థం కాలేదు. ఆ తర్వాతే మరాఠా చరిత్ర పుస్తకాలు పట్టుకున్నాను.

మొదట నన్ను కదిలించింది వయసు. నారాయణరావు 1755 ఆగస్టులో పుట్టాడు. పెద్దన్న విశ్వాసరావు 1761లో పానిపట్టు యుద్ధంలో చనిపోయాడు. రెండో అన్న మాధవరావును 1772 నవంబరులో క్షయ తీసుకుపోయింది. అలా పీష్వా గద్దె ఈ కుర్రాడికి వచ్చింది. 1773 ఆగస్టు 30న అతన్ని చంపేనాటికి పద్దెనిమిదేళ్లు నిండి ఇరవై రోజులు. భార్య గంగాబాయి కడుపుతో ఉంది. నా కథలో అతనికి వయసు లేదు, భార్య లేదు, ఒక కేక మాత్రమే ఉంది.

రెండోది వేళ. నేను రాత్రినీ వెన్నెలనూ తెచ్చి చెప్పేవాణ్ణి. హత్య జరిగింది పట్టపగలు. వినాయక ఉత్సవాల రోజులవి. నారాయణరావు పర్వతి కొండ మీది గుడికి వెళ్లొచ్చి మధ్యాహ్నం నడుం వాల్చాడు. జీతం బకాయిలు అడిగే నెపంతో సుమేర్ సింగ్ నాయకత్వంలో గార్దీలనే కాపలా సైనికులు కత్తులతో లోపలికి దూసుకొచ్చారు. రఘునాథరావును ఆ వాడాలోనే నిర్బంధంలో ఉంచారప్పుడు. కుర్రాడు ఆయన గదికే పరుగెత్తి ఆయన్నే కౌగలించుకున్నాడు. వాడాకు పునాది వేసింది 1730లో, పూర్తయింది 1732లో. కట్టించింది మొదటి బాజీరావు. చంపించినవాడు ఆయన కొడుకు, చనిపోయినవాడు ఆయన మనవడు.

మూడోది చాపాజీ టిళేకర్. అతను నౌకరు. యజమానిని కాపాడాలని అతని మీద అడ్డంగా పడ్డాడు. ఇద్దరినీ కలిపి నరికేశారు. ఆ మధ్యాహ్నం పీష్వాతోపాటు ఇంట్లోని బ్రాహ్మణులు, నౌకర్లు, దాసీలు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లెవరి ఆత్మా తిరుగుతోందని పుణెలో ఎవరూ చెప్పగా నేను వినలేదు. నేనూ చెప్పలేదు. అసలు వాళ్లున్నారనే నాకు తెలియదు. కాపాడమని అడిగిన గొంతును అన్నేళ్లు అనుకరించినవాణ్ణి, కాపాడబోయి చనిపోయిన మనిషి పేరు తెలుసుకోలేదు. నా తెలివితక్కువతనంలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

నాలుగోది రామశాస్త్రి ప్రభుణే. పీష్వాల కొలువులో ప్రధాన న్యాయమూర్తి. రఘునాథరావు పీష్వాగా కూర్చున్న తర్వాత కూడా ఆయన విచారణ ఆపలేదు. వారాల తరబడి సాక్ష్యాలు సేకరించి, కుట్రకు మూలం కొత్త పీష్వాయేనని తేల్చాడు. ఈ పాపానికి ప్రాయశ్చిత్తం ఏమిటని రఘునాథరావు అడిగితే, ప్రాణం ఇవ్వడమేనని ఆయన ముఖం మీదే చెప్పాడు. ఆ పాలనలో కొలువు చేయనని పుణె వదిలి వెళ్లిపోయాడు. ఆయుధం లేని మనిషి, సైన్యమంతా చేతిలో ఉన్నవాడి ఎదుట నిలబడి అన్న మాట అది. పిల్లలకు ఆ మాట చెప్పకుండా కేక వినిపించాను.

పిన్ని ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. ఉరి తీయలేదు. నానా ఫడ్నవీస్, సఖారాం బాపు మొదలైన మంత్రులు ఏకమై గంగాబాయిని పురంధర్ కోటలో భద్రంగా ఉంచారు. 1774 ఏప్రిల్ 18న ఆమెకు కొడుకు పుట్టాడు. నలభై రోజుల పసివాణ్ణి సవాయి మాధవరావు పేరుతో పీష్వాను చేశారు. గద్దె పోయిన రఘునాథరావు బొంబాయి ఇంగ్లీషువాళ్లను ఆశ్రయించాడు. 1775లో సూరత్ ఒప్పందం చేసుకుని, సాయానికి బదులుగా సాల్సెట్, వసయి ఇస్తానన్నాడు. దాంతో మొదలైన ఆంగ్ల మరాఠా యుద్ధం 1782లో సాల్బాయి సంధితో గాని ముగియలేదు. ఆ సంధిలో ఆయనకు దక్కింది నెలకు 25,000 రూపాయల భత్యం. మరుసటి ఏడాది కోపర్‌గావ్‌లో చనిపోయాడు. 1795లో సవాయి మాధవరావు ఆ శనివార్‌వాడా మేడ మీద నుంచే పడి, ఇరవై ఒక్కేళ్లకే పోయాడు. మరుసటేడు గద్దె ఎక్కింది రఘునాథరావు కొడుకు రెండో బాజీరావు. ఆయనే ఆఖరి పీష్వా. 1818లో రాజ్యం ఇంగ్లీషువాళ్ల పాలైంది.

ఇదంతా చదివాక నా కథలోని శాపం నిలవలేదు. మేడ కాలింది 1828లో. పీష్వాల పాలన పోయి అప్పటికి పదేళ్లు. జున్నర్ అడవుల టేకుతో కట్టిన అంతస్తులు కాబట్టి మంట ఏడు రోజులు ఆరలేదు. రాతి గోడలు, దర్వాజాలు, పునాదులు మిగిలాయి. ఆనందీబాయి అక్షరం మార్చిందన్న మాటకూ గట్టి రుజువు లేదు. పట్టుకోమని మాత్రమే చెప్పానన్నది రఘునాథరావుకు పనికొచ్చే మాట. తప్పు ఆయన మీద నుంచి ఇంటి ఆడమనిషి మీదికి జరిగిపోయింది. నేనూ ఆ మాట ఆలోచించకుండా నమ్మాను. నమ్మి, ఆడపిల్లల ఎదుటే ఆమెను రాక్షసిని చేసి చెప్పాను.

దెయ్యాలున్నాయా లేవా అన్న తర్కం నాకు ముఖ్యం కాదు. చనిపోయినవాళ్లు ఏదో రూపంలో మిగిలి ఉంటారని నమ్మేవాళ్లను నేను తప్పుపట్టను. నా తప్పు వేరే చోట ఉంది. దెయ్యం కథలో చచ్చినవాడు మిగులుతాడు, చంపినవాడు మాయమైపోతాడు. కత్తి పట్టినవాడు, కత్తి పట్టించినవాడు, గద్దె ఎక్కినవాడు అందరూ కథలోంచి వెళ్లిపోయి, ప్రాణం కోసం పరుగెత్తిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఒక్కడే మనల్ని భయపెట్టేవాడుగా మిగిలాడు. జాలిపడాల్సిన మనిషిని చూసి భయపడమని పిల్లలకు నేర్పాను. భయపడాల్సిన అధికార దాహం గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఇలాంటి కథలు ఒక్క పుణెలోనే లేవు. మన ఊళ్లలో పాడుబడ్డ దివాణాల గురించి, దొరల గడీల గురించి కూడా వింటూనే ఉంటాం. గడీ బావిలో ఆడమనిషి ఏడుపు వినిపిస్తుందని ఎవరైనా చెబితే, ఆమెను ఆ బావి దాకా తరిమిందెవరో అడగండి. ఆ ఇంట్లో వెట్టికి వచ్చినవాళ్లెవరు, వాళ్లలో తిరిగి రానివాళ్లెవరు, నోరు విప్పిందెవరు, ఎవరికి శిక్ష పడింది, ఎవరు తప్పించుకున్నారు అని అడగండి. చెప్పేవాడికి తెలియకపోతే ఊళ్లో పెద్దవాళ్లను అడగండి, పాత కాగితాలు ఉంటే వెతకండి. వాళ్లు బతికి ఉన్నంతకాలం వినని మనం, కనీసం పోయాకైనా వాళ్ల వైపు నిలబడాలి.

శనివార్‌వాడాకు మీ పిల్లల్ని తీసుకెళ్తే దక్షిణం వైపున్న నారాయణ్ దర్వాజా కూడా చూపించండి. నారాయణరావు మృతదేహాన్ని ఆ దారినే బయటికి తీసుకెళ్లారు, అందుకే దానికి ఆ పేరు. అక్కడ నిలబడి మూడు పేర్లు చెప్పండి: నారాయణరావు, చాపాజీ టిళేకర్, రామశాస్త్రి ప్రభుణే. మా పిన్ని అడిగిన ప్రశ్న మీ పిల్లలు అడిగితే, జవాబు దాచకండి.