సాటింపు డప్పు

మేక తోలు, కర్ర చట్రం, చింతగింజల జిగురు. నా ఒంట్లో ఉన్నవి ఇవే. కొట్టేవాడి కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల ఉంటే చాలు. ముందు గడ్డిమంట దగ్గర కాగాలి గానీ, లేకపోతే నన్ను కొట్టినా తడి గోనెసంచిని కొట్టినా ఒకటే. కృష్ణకూ తుంగభద్రకూ నడుమ ఉన్న నడిగడ్డలో, గద్వాల దగ్గరి ఒక పల్లె మాదిగవాడలో పుట్టాను. ఊరి పేరు చెప్పను. 2018 ఎండాకాలం భయపడింది మా ఊరొక్కటే కాదు.

పెళ్ళి దరువు వేరు, చావు దరువు వేరు, సాటింపు దరువు వేరు. నన్ను కట్టించుకున్న ముసలాయనకు మూడూ వచ్చు. అయినా ఊరు ఆయన్ని ఎక్కువ పిలిచింది సాటింపుకే. రేపు పోలియో చుక్కలు, ఎల్లుండి గ్రామసభ, కంట్రోల్ బియ్యం వచ్చినయి, ఫలానా వాళ్ళ బర్రె తప్పిపోయింది. నాలుగు దరువులు, "ఇనుండ్రి" అని ఒక కేక, ఆ మాట, మళ్ళీ దరువు. మూలమలుపు దగ్గర ఒక ముసలమ్మ తలుపు సందులోంచి తల బయటపెట్టి ప్రతిసారీ ఒకటే అడిగేది: "ఎవరు చెప్పమన్నర్రా?" ఈయన జవాబు చెప్పేదాకా తల లోపలికి పోయేది కాదు. ఒకసారి పింఛన్ల తేదీ ఒకరోజు ముందుగా సాటించినందుకు వారంపాటు తిట్లు తిన్నాడు. తప్పు తేదీ రాసిచ్చింది పైవాళ్ళు. తిట్లు మాత్రం డప్పుకు.

అది బంగారు కాలమని నేను అనను. ఆయన్ని "ఒరేయ్" అని పిలిచినవాళ్ళలో ఆయన మనవడి ఈడువాళ్ళు ఉండేవారు. కొన్ని అరుగుల ముందు చెప్పులు విప్పి చేతపట్టుకుని మరీ నిలబడాలి. జీతం లేదు, పంటకాలంలో కళ్ళం దగ్గర ఇన్ని గింజలు. వెట్టి అంటే వెట్టే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగల ఉద్యమం దండోరా అని నా పేరే పెట్టుకున్నప్పుడు, ముసలాయన నన్ను భుజానికి తగిలించుకుని మీటింగులకు పోయాడు. అన్నాళ్ళూ ఊరి మాట మోసిన తోలు అక్కడ తన మాట చెప్పుకుంది. ఆ దరువు ఇప్పటికీ నా చట్రంలో ఉంది.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. మనవడు మూల పగిలిన సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొన్నాడు. కొన్నాళ్ళకు 'మన ఊరు' అని వాట్సాప్ గ్రూపు పుట్టింది. నీళ్ళు ఎప్పుడు వదులుతారో, కరెంటు ఎప్పుడు పోతుందో అన్నీ అందులోనే. సర్పంచ్ నుంచి మాకు పిలుపు రావడం మానేసింది. "పీడ పాయె, ఇగ కాళ్ళు నొయ్యవు" అన్నాడు ముసలాయన. నాకూ దుఃఖమేమీ కలగలేదు. ఆ అరుగుల ముందు మోగాలని నాకు మోజా?

ఆ గ్రూపు ఒక్కటిగా నిలవలేదు. ఊళ్ళో ఎన్ని వాడలో ఫోన్లో అన్ని గ్రూపులయ్యాయి. రెడ్లకొకటి, బోయలకొకటి, కురువలకొకటి, మాకొకటి. గట్టు తగాదా ఒక గ్రూపులో ఒక తీరు, పక్క గ్రూపులో ఇంకో తీరు. నేను మోగిన రోజుల్లో ఏ వీధిలో నిలబడినా మాట ఒకటే ఉండేది.

2018 ఎండాకాలం వచ్చింది. నడిగడ్డలో ఆ రోజుల్లో ఇళ్ళలో ఎవరూ పడుకోరు. మంచాలన్నీ వాకిట్లోకి, మిద్దెల మీదికి వస్తాయి. ఆ ఏడు మాత్రం జనం ఉక్కపోతలో తలుపులు బిగించుకుని లోపల పడుకున్నారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ఫోన్లలో ఒకటే మోత. పార్ధీ ముఠా అని ఒక గొంతు. పార్ధీలంటే, 1871 చట్టం కింద తెల్లదొరలు పుట్టుకతోనే దొంగలని ముద్రవేసిన కులాల్లో ఒకరు. 1952లో చట్టం పోయినా ముద్ర ఫోనెక్కి తిరుగుతూనే ఉంది. బండి మీద వచ్చిన ఇద్దరు పిల్లవాణ్ణి ఎత్తుకుపోయే వీడియో ఒకటి ఇంటింటా ఆడింది. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్ళు పిల్లవాణ్ణి దించి, జాగ్రత్తలు రాసిన అట్ట చూపిస్తారు. ఆ ముక్క ఎవరో కోసేశారు.

గొంతు మెసేజ్ మా ఇంట్లోనూ మోగింది. ముసలాయన అంతా విని అడిగాడు.

"ఎవరు చెప్పమన్నరు బిడ్డా?"

"ఫార్వర్డ్ తాతా."

"ఫార్వర్డా? ఏ ఊరోడు?"

మనవడు పడీపడీ నవ్వాడు. ముసలాయన నవ్వలేదు.

ఆ మే నెలలోనే హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను ఇదే పుకారుతో గుంపు కొట్టి చంపింది. జులైలో కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్ళిన హైదరాబాద్ కుర్రాడొకడు పిల్లలకు చాక్లెట్లు పంచిన పాపానికి ప్రాణం పోగొట్టుకున్నాడు. మా ఊళ్ళో ఏటా దుప్పట్లు అమ్మడానికి వచ్చే మనిషిని బస్టాండ్ దగ్గర పోరగాళ్ళు చుట్టుముట్టారు. అందులో మా మనవడూ ఉన్నాడు, ఎందుకు దాచాలి? ఒక చెంపదెబ్బ పడింది కూడా. అంతలో మూలమలుపు ముసలమ్మ గుంపును తోసుకుంటూ వచ్చి, "పోయినేడు నాకు బాకీ మీద దుప్పటిచ్చిండు, ఈన నాకెరుక" అంది. చేతులు ఆగిపోయాయి. దుప్పట్లాయన ఆ బాకీ కూడా అడగకుండా బస్సెక్కి పోయాడు. మళ్ళీ మా ఊరికి రాలేదు.

అప్పుడు జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాలు రెండింటికీ రెమా రాజేశ్వరి ఎస్పీ. పోలీసులు ఊరూరా తిరుగుతుంటే, జనం బయట పడుకోవడం ఎందుకు మానేశారో ఆమెకు తెలిసింది. వాట్సాప్‌కు వాట్సాప్‌లోనే జవాబు పెట్టి ఊరుకోలేదు. పాటగాళ్ళనూ డప్పులనూ పల్లెలకు పంపింది. అట్లా నన్ను మళ్ళీ గూటం మీంచి దించారు. చాలా రోజుల తర్వాత గడ్డిమంట దగ్గర కాగాను. నాలుగు దరువులు, "ఇనుండ్రి", మాట. మూలమలుపులో తలుపు సందులోంచి అదే తల, అదే ప్రశ్న. ముసలాయన పక్కనున్న కానిస్టేబుల్‌ను చూపించాడు. ఆయన తన పేరూ ఫోన్ నంబరూ చెప్పాడు. ముసలమ్మ తల ఊపి లోపలికి పోయింది. చెప్పులు విప్పమని ఆ రోజు ఎవరూ అనలేదు.

ఎస్పీ పరిధిలోని 400 పైచిలుకు ఊళ్ళలో ఆ పుకారుకు ఒక్క ప్రాణం కూడా పోలేదు. నా వంతు ఎంతో నేను లెక్కవేయను.

వాట్సాప్ ఆ జులైలోనే మోసుకొచ్చిన మెసేజ్‌కు 'ఫార్వర్డెడ్' అని గుర్తు పెట్టింది. మనదేశంలో ఒకసారికి అయిదు చాట్లకే పంపేలా కట్టడి చేసింది. 2020లో మరీ తిరిగిన మెసేజ్‌ని ఒక్క చాట్‌కే అంది. ఇంతా చేసి మొదట పంపినవాడి పేరు లేదు. 2021 నిబంధనల్లో ప్రభుత్వం ఆ పేరే అడిగితే, మనుషుల గుట్టు బయటపడుతుందని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. ఈ తగువులో నా మనసు రెండుగా చీలింది. ఎవరు చెప్పమన్నరు అని అడగడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. కానీ మా వాడ గ్రూపులో కుర్రాళ్ళు కూలి రేటు గురించి, గుడి గురించి మాట్లాడుకుంటారు. ఆ మాట మొదట ఎవరన్నారో బయటికి పొక్కితే పని పోయేది ఎవరికో నాకు తెలుసు. డప్పు పట్టి నిలబడ్డవాడు ఒంటరిగా ఎన్ని మాటలు పడ్డాడో చూసినదాన్ని.

ముసలాయన పోయినప్పుడు 'మన ఊరు' గ్రూపులో దండం పెట్టే చేతుల బొమ్మలు నూటయాభై దాకా వచ్చాయని మనవడు చెప్పాడు. పాడె మోసింది మాత్రం మా వాడవాళ్ళే. దుప్పట్లాయనకు ఎవరైనా కబురు పెట్టారో లేదో. ఆయన నంబరు ఎవరి ఫోన్లోనూ లేదు.

మనవడు సాటింపుకు పోడు, పోవద్దు కూడా. జట్టు కట్టాడు, దరువుల వీడియోలు ఇన్‌స్టాగ్రాంలో పెడతాడు, ముందే రేటు మాట్లాడుకుంటాడు, సగం అడ్వాన్స్ ఫోన్‌పేలో పడితేనే బయల్దేరతాడు. వచ్చే ఆదివారం కర్నూలులో పెళ్ళి. రాత్రి చినుకులు పడ్డాయి, నా తోలు మెత్తబడింది. పొద్దున్నే మంట వెయ్యాలి.