కీ విరిగిందా? ఆ తీగకే శ్రుతి చేయండి

గిటార్ ట్యూనింగ్ కీ ఒకటి విరగ్గానే అందరూ చెప్పేది ఒక్కటే: కొట్టుకు పట్టుకెళ్లి కొత్త సెట్టు వేయించమని. ఆ మాట వినకండి. కీ విరిగితే తీగ పాడైనట్టు కాదు. ఇకమీదట మిగిలిన ఐదు తీగలకూ అదే పెద్ద దిక్కు.

చాలాసార్లు విరిగేది వేళ్లతో పట్టుకుని తిప్పే ప్లాస్టిక్ పిడి మాత్రమే. బ్యాగులో ఉన్న గిటార్ తల గోడకు కొట్టుకుంటే చాలు, పిడి ఊడి వస్తుంది. లోపల ఉన్న మరచుట్ల ఇరుసు, దాని పక్కన పళ్లచక్రం క్షేమంగానే ఉంటాయి. ఇరుసు చక్రాన్ని తిప్పగలదు గానీ, చక్రం ఇరుసును వెనక్కి తిప్పలేదు. 12 గేజ్ మొదటి తీగ దాదాపు 10 కిలోల బలంతో లాగుతున్నా కీ జారిపోకపోవడానికి కారణం ఇదే. అంటే పిడి పోయినా ఆ తీగ కీ దగ్గర జారదు. ఎవరి చెయ్యీ దాన్ని చెడగొట్టలేదు.

పైగా మార్పించడం అనుకున్నంత తేలికా కాదు. చవక గిటార్లలో చాలావాటికి మూడేసి కీలు ఒకే పట్టీ మీద ఉంటాయి. ఒకటి మార్చాలంటే మూడూ విప్పాలి. కొత్త పట్టీ మరలు పాత రంధ్రాలకు సరిపోకపోతే తల చెక్కలో కొత్త రంధ్రాలు పడతాయి. ఒక పిడి కోసం చెక్కను గాయపరచడం నాకు సమ్మతం కాదు.

మూడో తీగ కీ విరిగిందనుకుందాం. ఫోన్‌లో ట్యూనర్ యాప్ కట్టేయండి, దానితో ఇక పని లేదు. మూడో తీగను ఖాళీగా మీటండి. నాలుగో తీగను ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కి మీటండి. రెండూ ఒకే స్వరం పలకాలి. పలకకపోతే నాలుగో తీగను ముందు కాస్త దించి, అక్కణ్ణించి మెల్లగా పైకి తీసుకురండి. ధ్వనులు దగ్గరపడేకొద్దీ వూ... వూ... వూ అని ఒక ఊపు వినిపిస్తుంది. ఇంకా దగ్గరికొస్తే ఆ ఊపు సాగుతుంది, నెమ్మదిస్తుంది, ఆగిపోతుంది. ఆగిందంటే కలిసినట్టే. అదే పద్ధతిలో ఐదో తీగ ఐదో ఫ్రెట్‌ను నాలుగో తీగతో, ఆరో తీగ ఐదో ఫ్రెట్‌ను ఐదో తీగతో కలపండి. రెండో తీగకు మాత్రం మూడో తీగను నాలుగో ఫ్రెట్ దగ్గర నొక్కాలి. మొదటి తీగకు మళ్లీ రెండో తీగ ఐదో ఫ్రెట్టే.

ఇలా చేస్తే గిటార్ మొత్తం యాప్ చెప్పే స్వరం కన్నా కొంచెం కిందికి దిగవచ్చు. దిగనివ్వండి. ఏ (A) అనే స్వరం 440 హెర్ట్జ్ ఉండాలన్నది ప్రకృతి నియమం కాదు, 1939లో లండన్‌లో కూర్చుని ఒప్పుకున్న లెక్క. అంతకుముందు 1859లో ఫ్రాన్స్ 435 అని చట్టమే చేసింది. మన కచేరీల్లో తంబురాను గాయకుడి గొంతుకు శ్రుతి చేస్తారు, 440 కావాలని ఎవరూ అడగరు. అర స్వరం దిగితే గిటార్ మెడ మీద లాగుడు కూడా తగ్గుతుంది. ఒక స్వరం దాటి దిగితే తీగలు ఫ్రెట్లకు తగిలి జర్రుమంటాయి. మీ హద్దు అదీ.

మరి నలుగురితో కలిసి వాయించాలంటే? వాళ్లనే మీ శ్రుతికి రమ్మనండి. కీబోర్డులు చాలావాటిలో శ్రుతిని ఒక్కో హెర్ట్జ్ చొప్పున జరుపుకునే వీలుంటుంది. వయొలిన్ వాళ్లకు అది నిమిషం పని. కదలలేని వాయిద్యం దగ్గరికి కదలగలిగినవి రావడమే న్యాయం.

విరిగింది పిడి కాక పళ్లచక్రమే అరిగిపోయి జారుతుంటే, ఆ తీగ తీసేసి ఐదింటితో వాయించండి. రోలింగ్ స్టోన్స్ కీత్ రిచర్డ్స్ లావు ఆరో తీగ తీసేసి, మిగిలినవాటిని జి-డి-జి-బి-డి అని శ్రుతి చేసుకుని దశాబ్దాలుగా వాయిస్తున్నారు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ నాలుగు జంటల తీగలున్న వాయిద్యాన్ని ఐదు ఒంటి తీగలకు మార్చుకుని, దాని మీదే కర్ణాటక సంగీతం మొత్తం పలికించారు. తీగల లెక్క వాయించేవాడి చేతిలో ఉంటుంది, తయారు చేసిన కంపెనీ చేతిలో కాదు.

పిడి లేని కీ మీద ఉన్న తీగే తెగితే మాత్రం కటింగ్ ప్లయర్ తీయండి. ఇరుసు మొనకు గుడ్డ ముక్క చుట్టి పట్టుకోండి. చాలా కీలు 14:1 లెక్కలో ఉంటాయి, అంటే ఇరుసు 14 చుట్లు తిరిగితే తీగ చుట్టుకునే కడ్డీ తిరిగేది ఒక్క చుట్టు. పట్టు వదులుతూ, మళ్లీ పడుతూ తిప్పాలి. తొందరపడకండి. తీగ కొత్తది కాబట్టి సాగుతుంది, రెండు మూడు రోజులు ప్లయర్‌తోనే సరిచేయండి. ఆ తర్వాత ప్లయర్ డబ్బాలో పడేయండి. రోజూ పెడితే మొన అరిగి పట్టు చిక్కదు.

విరిగిన పిడిని అతికించడానికి సూపర్ గ్లూ జోలికి అసలు పోకండి. అది పళ్లలోకి జారి గట్టిపడితే తీగ తెగిన రోజు ప్లయర్ కూడా పనిచేయదు.